మెయిల్ లైబ్రరీకి ఓఆత్ కలిపాక లాగిన్ ఫెయిలవుతుంటే

ఉత్త పాస్‌వర్డ్‌తో వచ్చే ప్రోగ్రాములకు మామూలు జీమెయిల్ ఖాతాల్లో 2022 మే 30 తర్వాత దారి మూసుకుపోయింది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా తన ఆఫీసు మెయిల్ సేవ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో ఐమ్యాప్‌కు (ప్రోగ్రాములు మెయిల్ చదివే పద్ధతికి) అదే చేయడం మొదలుపెట్టింది. జీమెయిల్ దగ్గర యాప్ పాస్‌వర్డ్‌తో (ఒక ప్రోగ్రాము కోసమే తయారుచేసుకునే విడి పాస్‌వర్డ్‌తో) ఇంకా నెట్టుకురావచ్చు, మైక్రోసాఫ్ట్ దగ్గర అదీ కుదరదు. కాబట్టి పైథాన్‌లో ఐమ్యాప్ కోసం ఉన్న ఐమ్యాప్‌లిబ్ మీద కట్టిన లైబ్రరీకి ఎక్స్‌ఓఆత్2 కలపక తప్పదు. అంటే పాస్‌వర్డ్ బదులు, ఓఆత్ ద్వారా తీసుకున్న టోకెన్ (తాత్కాలిక అనుమతి) చూపించి లాగిన్ అవ్వడం. కోడ్ రాయడం ఓ పూట పనే. టెన్షన్ అంతా ఆ తర్వాత.

సమస్య: టోకెన్ చేతిలో ఉంది, అయినా లాగిన్ అవ్వదు

తప్పు ఏదైనా పైకి కనిపించే ఎర్రర్ దాదాపు ఒకటే. దాన్ని పట్టుకుని వెతికితే పొద్దుపోతుందంతే. జీమెయిల్ ఆ ఎర్రర్ కంటే ముందే బేస్64లో (డేటాను మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతిలో) చుట్టిన చిన్న జేసన్ సందేశం ఒకటి పంపుతుంది. సర్వర్‌కు జవాబివ్వడానికి మనం రాసే ఫంక్షన్ (కాల్‌బ్యాక్) మామూలుగా దాన్ని చూడనే చూడదు, సర్వర్ ఏమన్నా అదే టోకెన్ స్ట్రింగ్‌ను మళ్లీ ఇచ్చేస్తుంది.

ముందు అది మార్చండి. సర్వర్ పంపే ప్రశ్న (ఛాలెంజ్) ఖాళీగా వస్తే టోకెన్ స్ట్రింగ్ ఇవ్వాలి. ఏదైనా ఉంటే దాన్ని ప్రింట్ చేసి, ఖాళీ బైట్లు తిరిగివ్వాలి. ఐమ్యాప్‌లిబ్ డీకోడ్ చేసే ఇస్తుంది కాబట్టి నేరుగా చదువుకోవచ్చు. అందులో స్టేటస్‌తో పాటు సర్వర్‌కు కావాల్సిన స్కోప్ (టోకెన్‌తో ఏమేం చేయొచ్చో చెప్పే అనుమతి పరిధి) కూడా ఉంటుంది.

నేను మొదట అనుమానించేది రెండుసార్లు ఎన్‌కోడ్ చేయడాన్నే. ఐమ్యాప్‌లిబ్‌లోని అథెంటికేట్ ఫంక్షన్ తనే బేస్64 చేస్తుంది. మీరు కూడా చేస్తే సర్వర్‌కు వెళ్లేది చెత్త. అదే ఎస్ఎమ్‌టీపీలో (మెయిల్ పంపే పద్ధతిలో) కమాండ్‌ను నేరుగా పంపితే మాత్రం మీరే చేయాలి. అప్పుడు 76 అక్షరాలకోసారి కొత్త లైన్ దూర్చే ఫంక్షన్ వాడకండి. ఎన్‌కోడ్ చేసే ముందు టోకెన్ స్ట్రింగ్ చివర కంట్రోల్-ఎ అనే కనిపించని అక్షరం ఒకటి కాదు, రెండు ఉండాలి.

అవన్నీ సరిగ్గా ఉంటే స్కోప్ చూడండి. జీమెయిల్‌లో చదవడానికి మాత్రమే ఇచ్చే స్కోప్ జీమెయిల్ సొంత ఏపీఐకి పనికొస్తుంది, ఐమ్యాప్‌కు పనికిరాదు. పూర్తి మెయిల్ స్కోప్ అడగాలి. మైక్రోసాఫ్ట్‌లో గ్రాఫ్ అనే దాని ఏపీఐ కోసం తీసుకున్న టోకెన్ ఐమ్యాప్ దగ్గర చెల్లదు; ఔట్‌లుక్ పేరు మీదున్న ఐమ్యాప్ స్కోప్‌తో వేరే టోకెన్ తీసుకోవాలి.

డీబగ్ లాగ్‌ను ప్రాజెక్టు ఇష్యూలో (అందరికీ కనిపించే ఫిర్యాదులో) అతికించే ముందు టోకెన్ తీసేయండి. బేస్64 అంటే తాళం కాదు, ఎవరైనా విప్పేయొచ్చు.

సమస్య: గంట పనిచేసి ఆగిపోతుంది

లాగిన్‌కు వాడే టోకెన్ (యాక్సెస్ టోకెన్) ఆయుష్షు గంట అటూఇటూ. అది అయిపోయాక కొత్తది తెచ్చిపెట్టే రిఫ్రెష్ టోకెన్ మీ దగ్గర లేదన్నమాట. మైక్రోసాఫ్ట్‌కు ఆఫ్‌లైన్ యాక్సెస్ స్కోప్ కలపాలి. గూగుల్‌కు యాక్సెస్ టైప్ ఆఫ్‌లైన్ అని చెప్పాలి. మొదటిసారి అనుమతి ఇచ్చినప్పుడే గూగుల్ రిఫ్రెష్ టోకెన్ ఇస్తుంది. అది పారేసుకుంటే ప్రాంప్ట్‌ను కన్సెంట్‌గా పెట్టి మళ్లీ అడగాలి. రిఫ్రెష్ చేసినప్పుడు కొత్త రిఫ్రెష్ టోకెన్ వస్తే పాతదాని స్థానంలో దాన్నే దాచుకోండి.

సమస్య: వారం తిరిగేసరికి ఇన్‌వాలిడ్ గ్రాంట్

రిఫ్రెష్ టోకెన్ చెల్లదని గూగుల్ చెప్పే ఎర్రర్ ఇది. ఇందులో కోడ్ తప్పేమీ లేదు. గూగుల్ కన్సోల్‌లో ఎక్స్‌టర్నల్ (బయటివాళ్లూ వాడగల) యాప్ టెస్టింగ్ స్థితిలో ఉంటే రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే చచ్చిపోతుంది. ప్రొడక్షన్‌కు మార్చాలి. అయితే పూర్తి మెయిల్ స్కోప్‌తో అందరికీ ఇచ్చే యాప్‌ను గూగుల్ తనిఖీ చేస్తుంది, అది ఖర్చుతో కూడిన వ్యవహారం. అందుకే లైబ్రరీలో సొంత క్లయింట్ ఐడీ (గూగుల్ దగ్గర యాప్‌ను గుర్తించే సంఖ్య) పెట్టకుండా, వాడేవాళ్లే తమది ఇచ్చుకునేలా వదిలేయడం నయం.