స్లాబు తేడా కొడితే ముందు ఇసుక చూడండి

కాంక్రీటులో ఏ లోపం కనబడినా నేరం సిమెంటు మీదకో మేస్త్రీ మీదకో పోతుంది. సిమెంటు బస్తా ఎప్పుడు తెచ్చినా 50 కిలోలే. కంకర కూడా క్వారీ మారితే తప్ప పెద్దగా మారదు. ట్రాక్టరు ట్రాక్టరుకూ మారేది ఇసుక ఒక్కటే. నెల్లూరు, ప్రకాశం సైట్లకు పెన్నా ఇసుక వస్తుంది, గుండ్లకమ్మ, మన్నేరు, పాలేరు ఇసుక వస్తుంది, చీమకుర్తి వైపు క్రషర్ల నుంచి రోబో ఇసుకా (రాయి కొట్టి చేసేది) డస్టూ వస్తాయి. గూడూరు, చిల్లకూరు తెల్ల సిలికా ఇసుక, తీరం తిన్నెల ఇసుక కూడా అక్కడక్కడా దిగుతుంటాయి. వీటిలో ఒక్కోదానికి ఒక్కో జబ్బు.

4.75 మి.మీ. జల్లెడ దాటేదాన్ని ఇసుక అంటాం. కంకర మధ్య సందులు నింపడం, సిమెంటు ముద్దను పట్టి ఉంచడం, మిశ్రమం జారేలా చేయడం దాని పని. కింద రాసిన లోపాల్లో చాలావరకు ఈ మూడింట్లో ఏదో ఒకటి చెడినప్పుడు వచ్చేవే. సముద్రపు ఉప్పు సంగతి మాత్రం వేరు.

సెంట్రింగ్ విప్పితే అడుగున కంకర తేలి ఉంది

గూడులా ఉన్న ఆ ఖాళీలు ఎక్కడ పడ్డాయో ముందు చూడండి. చెక్కల, రేకుల జాయింట్ల వెంబడి గీత గీసినట్టు ఉంటే సిమెంటు పాలు కారిపోయాయి, ఇసుక తప్పు లేదు. బీములో ఇనుము కిక్కిరిసిన చోట మాత్రమే ఉంటే వైబ్రేటర్ అందలేదు. స్లాబంతా అక్కడక్కడా ఉంటే మాత్రం ఇసుక తక్కువ పడింది.

లెక్కకు సరిపడా తట్టలు వేసినా ఇసుక తక్కువ పడుతుంది. కారణం తడి. ఇసుక కొద్దిగా తడిసినప్పుడు ప్రతి గింజ చుట్టూ పలుచని నీటి పొర చేరి గింజల్ని ఎడంగా నెడుతుంది, దాంతో ఇసుక పొంగుతుంది. 4 నుంచి 6 శాతం తేమ దగ్గర మామూలు ఇసుక 20 నుంచి 30 శాతం దాకా పొంగుతుంది, సన్న ఇసుక ఇంకా ఎక్కువ. పూర్తిగా నీళ్లలో మునిగితే ఆ పొంగు పోయి, ఎండు ఇసుకతో సమానమైన చోటే తీసుకుంటుంది. అందుకే జోరువాన కురిసిన రోజు కన్నా, వాన వెలిసి కుప్ప సగం ఆరిన రోజే తట్ట లెక్క ఎక్కువ మోసం చేస్తుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇదే పరిస్థితి.

ఎంత పొంగిందో పది నిమిషాల్లో తేల్చవచ్చు. నిటారు గోడలున్న డబ్బాలో మూడింట రెండు వంతులు ఇసుకను కుదించకుండా నింపి, పైన చదును చేసి ఎత్తు కొలవండి. ఆ ఇసుకను వేరే పళ్లెంలోకి తీసి, డబ్బాలో సగం నీళ్లు పోయండి. ఇసుకలో సగం వేసి కడ్డీతో పొడిచి, మిగతాది కూడా వేసి మళ్లీ పొడిచి, ఎత్తు కొలవండి. మొదట 15 సెం.మీ. ఉన్నది 12కి దిగితే, 15ను 12తో భాగిస్తే 1.25. అంటే పొంగు 25 శాతం.

ఇప్పుడు దిద్దుబాటు. 40 × 35 × 25 సెం.మీ. పెట్టెలో 35 లీటర్లు పడుతుంది, అది ఒక బస్తా సిమెంటుకు సమానం. 1:1.5:3 (సిమెంటు:ఇసుక:కంకర) పాళ్లలో బస్తాకు ఎండు ఇసుక 52.5 లీటర్లు, కంకర 105 లీటర్లు. పొంగు 25 శాతం ఉంటే ఇసుక 65.6 లీటర్లు వేయాలి, అంటే ఒకటిన్నర పెట్టె బదులు ఒకటి ముప్పాతిక పెట్టె, ఆపైన ఇంకో నాలుగు లీటర్ల పైచిలుకు. కంకరకు ఈ సవరణ అక్కర్లేదు. తట్టతో కొలిస్తే ఈ లెక్కకు అర్థమే లేదు. ఒకరు శిఖ కట్టి పోస్తారు, ఇంకొకరు అంచు దాకానే నింపుతారు.

పొంగు సరిచేసినా కంకర తేలుతుంటే ఇసుక మరీ ముతక అన్నమాట. ఐఎస్ 383 (ఇసుక, కంకరల భారత ప్రమాణం) ప్రకారం 600 మైక్రాన్ల (0.6 మి.మీ.) జల్లెడ దాటేది 15–34 శాతమైతే అది జోన్ 1, అన్నిటికన్నా ముతక. 35–59 జోన్ 2, 60–79 జోన్ 3, 80 దాటితే జోన్ 4. కాంక్రీటుకు హాయిగా పనికొచ్చేది జోన్ 2. జోన్ 1 వస్తే సిమెంటు పెంచకండి, ఇసుక వాటా పెంచండి. ఎం20 గ్రేడు కాంక్రీటుకు బస్తాకు ఇసుక, కంకర కలిపి 250 కిలోలనుకుంటే 1:2 పాళ్లలో ఇసుక 83, కంకర 167 కిలోలు. దాన్ని 1:1.75కి మార్చితే 91, 159 అవుతుంది.

పోసేసిన స్లాబుకు: వదులుగా ఉన్నదంతా గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కి, కడిగి, తడి ఆరకముందే కుంచించుకుపోని గ్రౌటుతో నింపాలి. లోపల కడ్డీ కనిపిస్తే ఇంజనీరు చూడకుండా ముట్టుకోవద్దు. పైపైన ప్లాస్టరింగ్ చేసి మూసేయడం రిపేరు కాదు.

నీళ్లు పోసేకొద్దీ మిశ్రమం ఇంకా అడుగుతోంది

మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) నుంచి బంకలా, లేదా పిండిలా దిగుతుంటే ఇసుకలో మట్టి ఉంది, లేదా ఇసుక మరీ సన్నది. గింజ సన్నబడేకొద్దీ తడపాల్సిన ఉపరితలం పెరుగుతుంది, దానికే నీళ్లు పోతాయి. మేస్త్రీ ఇంకో బొక్కెన పోస్తాడు, బలం అక్కడే పోతుంది.

మట్టి పరీక్షకు గీతలున్న 250 మి.లీ. గాజు జాడీ కావాలి. లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీళ్లు 50 గీత దాకా పోయండి. ఇసుక 100 గీత తాకేదాకా వేసి, మళ్లీ ఉప్పునీళ్లు 150 దాకా పోసి, మూత పెట్టి బాగా కుదిపి కదలకుండా మూడు గంటలు ఉంచండి. ఇసుక పైన పేరిన ఒండ్రు పొర మందం కింది ఇసుకలో 8 శాతం మించితే ఆ లోడు వద్దు. ఇది సైట్లో చేసే అంచనా. ల్యాబులో తూకం ప్రకారం నది ఇసుకకు 75 మైక్రాన్ల కన్నా సన్నది 3 శాతం లోపే ఉండాలి.

రోబో ఇసుకకు ఆ హద్దు 15 శాతం దాకా ఉంది. అక్కడి సన్నపొడి రాతిపొడి కాబట్టి జాడీ పరీక్షతో దాన్ని తిరగ్గొడితే అన్యాయం. అది రాతిపొడేనా, క్వారీ పైపొర మట్టా అన్నదే ప్రశ్న. అరచేతిలో తడిపి రుద్ది కడిగితే రాతిపొడి శుభ్రంగా పోతుంది, మట్టయితే చేతికి మరక ఉండిపోతుంది. అనుమానం ఉంటే ల్యాబుకే పంపండి. ఇక రోబో ఇసుక పేరుతో మామూలు డస్టు పంపేవాళ్లకు కొదవ లేదు. డస్టు కంకర కొట్టగా మిగిలినది, గింజలు పలకలుగా, సూదులుగా ఉంటాయి. రోబో ఇసుక గింజ కొంత గుండ్రబడేలా ప్రత్యేకంగా కొట్టి, జల్లించి, కడిగి తీసినది.

ఇంకో స్థానిక చిక్కు అభ్రకం. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతం అభ్రకం గనులకు పేరు. ఆ వైపు వాగుల ఇసుక ఎండలో తళుకుమంటుంటే జాగ్రత్త. ఆ పలుచని రేకులు నీటి అవసరాన్ని పెంచుతాయి, సిమెంటును సరిగా పట్టుకోనివ్వవు.

తెల్ల సిలికా ఇసుక చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అది గాజు పరిశ్రమ సరుకు. సన్నగా, దాదాపు ఒకే సైజులో ఉండేదాన్ని ఒంటరిగా ఆర్‌సీసీకి (ఇనుము వేసిన కాంక్రీటుకు) వాడొద్దు. ముతక రోబో ఇసుకతో కలిపితే దారికొస్తుంది. ఉదాహరణకు 600 జల్లెడ 25 శాతం దాటే ముతక రకం 60 పాళ్లు, 85 శాతం దాటే సన్నరకం 40 పాళ్లు కలిపితే 15 + 34 = 49 శాతం, దాదాపు జోన్ 2 నడుమ.

ఇసుక కడగాలంటే కుప్ప మీద పైపు పట్టకండి, మట్టి కుప్ప అడుగుకు చేరుతుంది, అంతే. తొట్టిలో వేసి పారతో కలియబెట్టి మురికినీళ్లు వంచేయాలి, నీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ. కూలీ ఖర్చు లెక్కేస్తే చాలాసార్లు లోడు వెనక్కి పంపడమే చవక.

స్లాబు పైన నీళ్లు తేలాయి, ఆరాక పొడి రాలుతోంది

ఇసుకలో ఉన్న నీళ్లు లెక్కలోకి రాలేదు. ఎం20 నామినల్ మిక్సుకు (ముందే ఖాయమైన పాళ్లతో కలిపేదానికి) బస్తాకు 30 లీటర్లు గరిష్ఠం. బస్తాకు పడే సుమారు 80 కిలోల ఇసుకలో 5 శాతం తేమ ఉంటే 4 లీటర్లు అప్పటికే లోపలున్నాయి, పోయాల్సింది 26 లీటర్లే. పిడికిట్లో పిసికితే ఉండ కట్టి అరచేయి తడిస్తే ఆ ప్రాంతంలో ఉన్నట్టు. ముతక ఇసుకలో 300 మైక్రాన్ల లోపు నలుసు లేకపోయినా నీళ్లు పైకి తేలతాయి.

తేలిన నీళ్లు ఇగిరేదాకా తాపీ పెట్టొద్దు. పొడి సిమెంటు చల్లడం మరీ తప్పు, ఆ పొరే తర్వాత పెచ్చులుగా లేస్తుంది.

పోసిన కొద్ది గంటలకే పగుళ్లు

అసలు కారణం ఎండ, గాలి. మట్టి, సన్న ఇసుక వాటికి తోడవుతాయి. రోహిణీ కార్తెలో పోత సాయంత్రానికి పెట్టుకోండి, సెంట్రింగ్ తడిపి ఉంచండి, తాపీ పని అవగానే తడి గోనెపట్టాలో ప్లాస్టిక్ షీటో కప్పండి. ఇంకా గట్టిపడకముందే పగులు చూస్తే చెక్కతో మళ్లీ రుద్ది మూయవచ్చు. ఇలాంటి ఎండల్లో నీళ్లు కట్టడం ఓపీసీకి (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) కనీసం 10 రోజులు, పీపీసీకి (బూడిద కలిసిన సిమెంటు) 14.

మర్నాటికీ కొన్నిచోట్ల గట్టిపడలేదు

చెరువు, కాలువ పూడిక ఇసుకలో కుళ్లిన ఆకు, వేరు ఉంటే ఇలా అవుతుంది. 3 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 24 గంటలు ఉంచితే ముదురు గోధుమ రంగు తిరుగుతుంది. అలాంటి ఇసుకను కాంక్రీటుకు వాడొద్దు.

కొన్నేళ్లకు స్లాబు అడుగున తుప్పు మరకలు

కొత్తపట్నం నుంచి మైపాడు దాకా తీరం ఊళ్లలో ఇది మామూలు. తిన్నెల ఇసుకలో ఉప్పు ఉంటుంది, క్లోరైడు కడ్డీ చుట్టూ ఉన్న రక్షణ పొరను ఛేదిస్తుంది. ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారత ప్రమాణం) ప్రకారం ఆర్‌సీసీలో క్లోరైడు ఘనమీటరుకు 0.6 కిలోలు మించకూడదు. ఘనమీటరుకు సుమారు 8 బస్తాలనుకుంటే, బస్తాకు 83 కిలోల చొప్పున 664 కిలోల ఇసుక, అందులో 0.1 శాతం క్లోరైడు ఉన్నా 0.66 కిలోలు. ఇసుక ఒక్కటే హద్దు దాటించేసింది. కలిపే నీళ్లలో లీటరుకు 500 మి.గ్రా. హద్దు కూడా ఉంది కనక రొయ్యల చెరువుల పక్క బోరునీళ్లు పరీక్షించకుండా వాడొద్దు.

గ్లాసులో ఇసుక, క్యాన్ నీళ్లు సమానంగా వేసి కలిపి, తేరాక నాలుకకు తాకించండి. ఉప్పగా తగిలితే లోడు వెనక్కి. తగలకపోతే పాసయినట్టు కాదు, ల్యాబుకు పంపాలి. తీరంలో ఎం30, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45, కవర్ (కడ్డీ మీద ఉండే కాంక్రీటు మందం) 45 మి.మీ. కనీసం. నామినల్ మిక్సు ఎం20 దాకానే చెల్లుతుంది కాబట్టి అక్కడ 1:1.5:3 పనికిరాదు, డిజైన్ మిక్సు (ల్యాబులో లెక్కకట్టిన పాళ్లు) చేయించాల్సిందే.

మరక మొదలయ్యాక ఇసుక సంగతి చేసేదేం లేదు. వదులైన కాంక్రీటు కడ్డీ వెనక దాకా తీసి, తుప్పు గీకి, కడ్డీ ఎంత సన్నబడిందో కొలిచాకే పూత సంగతి.