అలసిపోకముందే ఆగండి

సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 32 కిలోమీటర్ల దారి. హనుమంతవాక దాకా ఆగకుండా ఉరికినవాళ్లు మాధవధార వచ్చేసరికి కాళ్లు లాగి కూలబడతారు. మజ్జిగ ఇచ్చే చోటల్లా రెండు నిమిషాలు కూర్చుని నడిచినవాళ్లు తెల్లారేలోపు కొండ చుట్టి వచ్చేస్తారు.

ఆఫీసు పనికీ నేను ఇదే పద్ధతి పెట్టుకున్నాను. గంట, గంటన్నర గట్టిగా పని చేసి, పది నిమిషాలు పూర్తిగా వదిలేస్తాను. అలసట వచ్చాక కాదు, రాకముందే. వదిలేయడం అంటే ఫోన్ చూడటం కాదండీ. రీల్స్ చూస్తుంటే కళ్లూ బుర్రా పని చేస్తూనే ఉంటాయి. లేచి మెట్లు దిగి రండి, దూరంగా కొండనో చెట్టునో చూడండి. మంచినీళ్లు తాగండి. మన వైజాగ్ ఉక్కపోతలో ఒంట్లో నీళ్లు తెలియకుండానే చెమటగా పోతాయి, సగం నీరసం దానివల్లే అని నా నమ్మకం.

సాయంత్రం నాలుగు దాటాక కాఫీ కూడా మానేశాను. కెఫీన్ అలసటను తీర్చదు, అలసిపోయామన్న కబురు మెదడుకు అందకుండా అడ్డుపడుతుంది, అంతే. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టకపోతే మర్నాటి ఓపిక ముందే ఖర్చయిపోయినట్టే.

కష్టమైన పనులు పొద్దున్నే పెట్టుకుని, మెయిళ్లకు జవాబులివ్వడం లాంటివి భోజనం తర్వాత మగతగా ఉండే వేళకు వదిలేయండి.