ఏప్రిల్ ఆర్డర్లకి ఫిబ్రవరిలోనే సిద్ధం కావాలి: బెంగళూరులో చిన్న వ్యాపారం చేసే దళితులకి

ఏప్రిల్ వస్తే చాలు, బెంగళూరులో మనవాళ్లు ఏమేం అమ్ముతున్నారో అందరికీ ఒక్కసారిగా గుర్తొస్తుంది. 5న జగ్జీవన్ రామ్ జయంతి, 11న ఫూలే జయంతి, 14న బాబాసాహెబ్ జయంతి, పైగా 2015 నుంచి నెలంతా దళితుల చరిత్రని గుర్తుచేసుకునే దళిత్ హిస్టరీ మంత్. ఇన్‌స్టాలో "దళితుల దగ్గర కొనండి" అని లిస్టులు తిరుగుతాయి, వైట్‌ఫీల్డ్ వైపు కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ చేసి స్టాల్ పెడతారా అని అడుగుతారు. మేలో ఆ ఫోన్లు ఉండవు. ఆ నెలలో వచ్చినవాళ్లు ఏడాదంతా మన దగ్గరే కొనాలంటే పని ఫిబ్రవరిలోనే మొదలవ్వాలి. పచ్చళ్లు, పొడులు చేసేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, బ్యాగులు, చెప్పులు కుట్టేవాళ్లకీ చాలావరకు ఇదే.

మన దళిత్ హిస్టరీ మంత్‌కి స్ఫూర్తి అమెరికాలోని బ్లాక్ హిస్టరీ మంత్. 1926లో నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ వుడ్‌సన్ వారం రోజులతో మొదలుపెట్టింది 1976 నుంచి ఫిబ్రవరి నెలంతా జరుగుతోంది, అక్కడి నల్లజాతి వ్యాపారులు ఈ సీజన్ గోల మనకంటే ముందే చూశారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసు చంపిన తర్వాతైతే వాళ్ల పుస్తకాల షాపులకి తట్టుకోలేనన్ని ఆర్డర్లు వచ్చాయి, అందరూ అవే కొన్ని పుస్తకాలు అడగడంతో పబ్లిషర్ల దగ్గరే కాపీలు అయిపోయాయి, మద్దతుగా కొన్నవాళ్లలోనే కొంతమంది లేటయిందని కోప్పడ్డారు. అభిమానంతో కొన్నా కస్టమర్ కస్టమరే, డబ్బు కట్టాక పార్సిల్ టైముకి రావాలి.

అందుకే ముందు సరుకు సంగతి చూడండి. అందరూ ఆవకాయే అడుగుతారు, కానీ టెంక పట్టిన పుల్లటి కాయ ఏప్రిల్ చివర్లో మొదలై మేలో బాగా దొరుకుతుంది, కాబట్టి జయంతి నాటికి కొత్త ఆవకాయ ఉండదు. పండుమిరప, గోంగూర, చింతకాయ, కందిపొడి, వీటి మీద నిలబడాలి. పండుమిరపకాయలు సీజన్లో ఉన్నప్పుడే తొక్కి, ఉప్పూ చింతపండూ కలిపి జాడీలకి ఎత్తేయండి. ఎండుమిర్చి కూడా కొత్త పంట గుంటూరు యార్డుకి దిగుతున్నప్పుడే కొనుక్కోండి. వారానికి నాణ్యత తగ్గకుండా ఎన్ని కిలోలు చేయగలరో గోడ మీద రాసి పెట్టుకోండి, అది దాటగానే డెలివరీకి ఇంకా తర్వాతి తేదీ ఇవ్వండి లేదా ఆర్డర్లు ఆపేయండి.

ప్యాకింగ్‌ని మార్చిలోనే పరీక్షించండి. వేరే ఊళ్లో ఉన్న చుట్టాలకి ఒక పార్సిల్ కొరియర్ చేసి, విప్పేటప్పుడు వీడియో తీయమనండి. ఎండకి నూనె పల్చబడి మూత మరల్లోంచి సన్నగా కారుతుంది, లేబుల్ తడిసి తయారీ తేదీ చెరిగిపోతుంది, అట్టపెట్టె అడుగు మెత్తబడుతుంది. మూత కింద సీలు, సీసాకి విడిగా మందపాటి కవరు ఉంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు, బరువు, ఎంఆర్‌పీ, ఫోన్ నంబరు తప్పకుండా ఉండాలి.

ఇక అన్నిటికంటే సున్నితమైనది, మీ కథ. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది పచ్చడి గురించి కాదు, చిన్నప్పుడు మీకు జరిగిన అవమానం గురించి అడుగుతారు. ఏం చెప్తారో, ఏం చెప్పరో ముందే తేల్చుకోండి, అమ్మమ్మ నేర్పిన తొక్కు గురించి మాత్రమే మాట్లాడతాను అనే హక్కు మీకుంది. మన చేతి నీళ్లు ముట్టనివాళ్లు ఇంకా ఉన్న దేశంలో మన చేతి వంట అమ్ముతున్నాం. 2016లో దళిత రచయిత చంద్రభాన్ ప్రసాద్ ఏకంగా దళిత్ ఫుడ్స్ అనే పేరుతోనే పచ్చళ్లు, మసాలాలు అమ్మడం మొదలుపెట్టారు. ఆ ధైర్యమంటే నాకు చాలా గౌరవం, కానీ అందరి పరిస్థితీ ఒకటి కాదు. ఇంటి ఓనర్‌కి, పిల్లల స్కూల్లో మీ కులం తెలియకపోతే, లిస్టులో పేరు ఇచ్చేముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, ఒకసారి ఎక్కిన పేరు తీయించడం చాలా కష్టం. మిమ్మల్ని అడగకుండా ఎవరైనా పేరు చేరిస్తే మొహమాటపడకుండా తీసేయమని చెప్పండి.

కంపెనీ స్టాల్ ఫ్రీ అంటారు, కానీ ఆటో ఖర్చు, తోడు వచ్చే మనిషి కూలి, ఆ రోజు ఆగిపోయే వంట మీ నెత్తినే పడతాయి. "ఎంత కొంటారు" అని సూటిగా అడగండి, కనీసం ఇన్ని సీసాలకి ఆర్డర్ ఇస్తేనే వస్తామనండి. కింది అంతస్తు క్యాంటీన్లలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, యూపీఐలో డబ్బులు తీసుకోవడం కష్టం, వైఫై ఇస్తారో లేదో ముందే కనుక్కోండి.

బిల్లు పెద్దదైతే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు, మీకు చాలా పనికొస్తుంది. అది పూర్తిగా ఉచితం, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. అందులో తయారీ అనీ, ఎస్సీ అనీ సరిగ్గా నింపండి, ఆ నంబరు బిల్లు మీద వేయండి. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొన్న కంపెనీ 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ. సరుకు పంపాక చేయించుకుంటే పాత బిల్లుకి పనికొస్తుందన్న నమ్మకం లేదు, అందుకే ఇదీ ఫిబ్రవరి పనే. బ్యాగులు, ఫైళ్లు కుట్టేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. హెచ్ఏఎల్, బీఈఎల్ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలనే విధానం ఉంది, దానికి జయంతితో పని లేదు.

జీఎస్టీ కూడా చూసుకోండి. కర్ణాటకలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ హైదరాబాద్‌కో విజయవాడకో పచ్చడి అమ్మితే ఆ పరిమితి వర్తించదు, మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలి. 2025లో యూపీఐ లెక్కలు చూసి ఇక్కడి చిన్న షాపులకి జీఎస్టీ నోటీసులు వచ్చాయి కదా, ఇంటి ఖాతా, వ్యాపారం ఖాతా ఇప్పుడే వేరు చేసేయండి.

ఏప్రిల్‌లో కొన్న ప్రతి ఒక్కరి దగ్గరా, వాళ్లు సరేనంటేనే, వాట్సాప్ నంబరు తీసుకోండి. ప్రతి పార్సిల్‌లో కొత్త ఆవకాయ బుకింగ్ చీటీ ఒకటి వేయండి. అరకిలో ఎంతో, కిలో ఎంతో, సగం అడ్వాన్స్, జూన్‌లో ఏ వారం పంపుతారో అందులో రాయండి. ఆ అడ్వాన్సులతోనే మేలో కాయ, నూనె, ఆవపిండి కొనుక్కోవచ్చు, అప్పు చేయక్కర్లేదు.