ఆగి ఉన్న ఇంటిబండి, 4వ పాఠం: 10 నిమిషాల స్టార్టింగుతోని బ్యాటరీ నిండదు

ఇయ్యాల ఇంటిబండి (లోపట వండుకోను, పండుకోను ఏర్పాటున్న వ్యాను) టైర్ల గురించి రాద్దామనుకున్న, నీళ్ల ట్యాంకు గూడ ఇందులనే పెడదామనుకున్న. కానీ పోయిన పాఠం అయినంక వచ్చిన ఫోన్లు, ఫొటోలు చూస్తె మస్తు మంది బ్యాటరీ కాడనే ఆగిపోయిన్రని అర్థమైంది. అందుకని ముందు గది సక్కజేసుకుందాం, జాగ మిగిలితె టైర్లు.

తప్పు నాదే. "నెలకంటె ఎక్కువ నిలబెడితె మీటరు పెట్టి వోల్టేజీ చూడుండ్రి" అని ఒక్క ముక్క రాసి ఊకున్న. ఎప్పుడు చూడాలె, ఏ బ్యాటరీ చూడాలె అన్నది చెప్పలే. మిర్యాలగూడ దిక్కు ఒకన్న ఇంజిన్ బంద్ చేసిన 5 నిమిషాలకే మీటరు పెట్టిండు, 13.1 వచ్చింది, ఫుల్లుగుందని బండికి కవరు కప్పిండు. 20 రోజులకు తాళంచెవి తిప్పితె టిక్ టిక్‌మని సప్పుడు తప్ప ఏం లేదు.

13.1 అన్నది ఉత్త నురగ. లొట్టిలకెల్లి కల్లు వంచంగనే గ్లాసు నిండినట్టె కనవడతది, జరసేపు ఆగితె నురగ దిగి సగం గ్లాసే ఉంటది, గిదీ అంతే. ఇంజిన్ నడిచినంక గానీ చార్జర్ తీసినంక గానీ ప్లేట్ల మీద పైపైన చార్జి ఉంటది, అది దిగేదాక మీటరు చెప్పేది లెక్కకు రాదు. రాత్రంత వదిలేసి పొద్దుగాల, ఏ స్విచ్చూ వెయ్యకముందె చూడాలె. అప్పుడు 12.6, 12.7 ఉంటె నిండుగ ఉన్నట్టు. 12.4 అంటె ముప్పావు, 12.2 అంటె సగం, 12.0 అంటె పావు వంతే. 12.4 కిందికి వచ్చి వారాల తరబడి అట్లనే ఉంటె లోపల ప్లేట్లకు సల్ఫేటు (తెల్లటి ఉప్పు పొర) గట్టిగ పేరుకుంటది, అది పేరుకున్నంక ఎంత చార్జింగు పెట్టినా పాత బలం రాదు. మీటరును డీసీ 20 మీద పెట్టుడు, ఎర్ర తీగ ప్లస్సుకు, నల్ల తీగ మైనస్సుకు, అది మీకు తెలిసిందే.

ఇంకొకాయన దేవరకొండ నుంచి ఫోన్ చేసి "పైన సోలార్ ప్యానెల్ ఉంది గదా అన్నా, మల్ల బ్యాటరీ ఎట్ల సచ్చిపోయింది" అని అడిగిండు. ఇంటిబండిల రెండు బ్యాటరీలు ఉంటయి. ఇంజిన్ది వేరు, లోపట లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్ నడిపేది వేరు. మన దిక్కు బాడీ కట్టేటోళ్లు ప్యానెల్‌ను ఎక్కువగ ఇంటి బ్యాటరీకే కలుపుతరు, ఇంజిన్ బ్యాటరీకి దాన్నుంచి ఏమీ రాదు. పోనీ ఇంటి బ్యాటరీ అన్న మంచిగుందా అంటె అదీ లేదు, ఇన్వర్టర్ స్విచ్ ఆన్ల ఉంది. ఏమీ నడవకున్నా ఇన్వర్టర్ తనకోసం తాను ఒక యాంపు దాక తాగుతది. ఒక యాంపు గంటసేపు నడిస్తె ఒక యాంప్-అవర్, అంటె రోజుకు 24 యాంప్-అవర్లు. 150 యాంప్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ అయితె 3 రోజులల్ల సగానికి వస్తది, ఆ బండి యేప చెట్టు కింద ఉంది, ప్యానెల్ మీద ఆకులు. ఇగ ఏం నిండుతది?

ఇప్పుడు అసలు ముచ్చట. నాకు వచ్చిన ఫోన్లల్ల సగం మంది చెప్పింది ఒక్కటే, "రెండు రోజులకొకసారి 10 నిమిషాలు స్టార్ట్ చేసి పెడుతున్న, మెకానిక్ అట్లనే చెప్పిండు." ఈ మాట నేను పదేండ్ల నుంచి వింటున్న, విన్నప్పుడల్లా పానం గుంజుతది, ఎందుకంటె చేసేటోళ్లు శ్రద్ధతోనే చేస్తున్రు, బండి మీద ప్రేమతోనే చేస్తున్రు, కానీ ఆ పనే బండిని తింటంది.

లెక్క చూడుండ్రి. బండి ఊకె ఉన్నా గడియారం, అలారం, స్టీరియో, జీపీఎస్ డబ్బా ఇవన్ని కలిసి 40 మిల్లీ యాంపులు తాగుతయనుకోండి. రోజుకు దగ్గర దగ్గర 1 యాంప్-అవర్, నెలకు 30. దానికి తోడు బ్యాటరీ తనంతల తాను గూడ దిగుతది, 10 డిగ్రీల వేడి పెరిగితె ఆ దిగుడు ఇంచుమించు రెండింతలు అయితది, మన నల్లగొండల మే నెలల 44 డిగ్రీలు అంటె రేకుల షెడ్డు కింద ఇంజిన్ కాడ ఎంతుంటదో మీకే ఎరుక. ఇటు దిక్కు చూస్తె, ఊకె నిలబెట్టి స్లో మీద నడిపితె ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పితె కరెంటు పుట్టించేది) ఇచ్చేది తక్కువ, స్టార్టుకు ముందు ఇంజిన్‌ను వేడి చేసే హీటర్ ప్లగ్గులకు, స్టార్టుకు పోయింది ముందు తీర్చాలె, ఏసీ బ్లోయర్ వేస్తె అదొకటి. 10 నిమిషాలల్ల బ్యాటరీల మిగిలేది ఒకటి రెండు యాంప్-అవర్లు, అంతే. సగం ఖాళీ అయిన 100 యాంప్-అవర్ల బ్యాటరీ పూర్తిగ నిండాలంటె 8, 10 గంటలు కావాలె. చివరి ఇరవై శాతం నిండుడు మరీ నెమ్మదిగ ఉంటది, ఎంత పెద్ద ఆల్టర్నేటర్ ఉన్నా దాన్ని తొందరపెట్టలేం. సల్ఫేటు పట్టకుంట చూసేది ఆ చివరి ఇరవై శాతమే.

బ్యాటరీ ఒక్కటే కాదు. ఒక లీటరు డీజిల్ కాలితె ఇంచుమించు ఒక లీటరు నీళ్లు ఆవిరి రూపంల పుడతయి. 30 కిలోమీటర్లు రోడ్డు మీద పోతె సైలెన్సర్ కాగి ఆ ఆవిరంతా బయటికి పోతది. 10 నిమిషాలకే బంద్ చేస్తె సైలెన్సర్ల చల్లబడి నీళ్లై నిలుస్తది, కొంత ఇంజిన్ ఆయిల్ల కలుస్తది. పోయిన ఏడు నేను ఒక దోస్తు బండి ఆయిల్ మూత తీసి చూసిన, మూత లోపటి దిక్కు మజ్జిగ మీది మీగడ లెక్క తెల్లగ, మెత్తగ పట్టి ఉంది. వేలుతోని గీకితె గోరుకు అంటింది. బండి తిరిగింది ఏడాదిల 200 కిలోమీటర్లు గూడ లేదు, కానీ ప్రతి ఆదివారం 10 నిమిషాలు స్టార్ట్ చేసిండు. సైలెన్సర్ పెద్ద డబ్బా కింద తుప్పు పట్టి వేలు పట్టేంత బొక్క.

అందుకని, స్టార్ట్ చేస్తె తీస్కపోండి. నల్లగొండ నుంచి చెర్వుగట్టు దాక పోయి అక్కడికెల్లి నార్కట్‌పల్లి హైవే మీద కొంచెం దూరం నడిపించుకుంట రాండి, పాలమూరోళ్లు జడ్చర్ల పోయి రాండి. తీస్కపోయే తీరిక లేకుంటె స్టార్టే చెయ్యకుండ్రి. మైనస్ తీగ తీసి పక్కకు పెట్టుండ్రి.

మైనస్సే ముందు తియ్యాలె. ఒకాయన ప్లస్సు ముందు విప్పబోయి, పానా కొస బాడీ రేకుకు తగిలి భగ్గుమన్నదని ఫొటో పంపిండు. నా కాడున్న 10 నంబర్ పానా మీద గూడ గట్లాంటి నల్ల మచ్చ ఇరవై ఏండ్ల నుంచి ఉంది. మైనస్ తగిలించి ఉన్నంత సేపు బండి బాడీ అంతా మైనస్సే, ప్లస్ మీదున్న పానా బాడీకి తగిలితె నేరుగ షార్టు. మైనస్ ముందు తీసేస్తె ఆ దారే ఉండదు. మల్ల బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరికి. బీఎస్6 (కొత్త పొగ రూల్) బండ్లు అయితె తాళంచెవి తీసినంక ఒక 5 నిమిషాలు ఆగి విప్పుండ్రి, పొగను శుభ్రం చేసే యూరియా నీళ్ల పంపు గొట్టాలు ఖాళీ చేసుకునే పని ఇంజిన్ ఆగినంకనే చేస్తది.

నా అలవాటు చెప్తున్న, నచ్చితె పాటించుండ్రి. మైనస్‌కు కట్-ఆఫ్ స్విచ్చు పెట్టించిన, పానాతో పనే లేదు. 3 వారాలకొకసారి ఒక రాత్రి 10 యాంపుల ఆటోమేటిక్ చార్జర్ పెడతా. ఎప్పటికీ ప్లగ్గుల పెట్టి వదిలేసుడు కంపెనీలు మంచిదనే చెప్తయి, కానీ మా దగ్గర కరెంటు వచ్చుడు పోవుడు చూసి నాకు ధైర్యం చాలదు. పాత దుకాణం చార్జర్లు, నిండినంక తమంతల ఆగనియ్యి, రాత్రంత అస్సలు పెట్టకుండ్రి, లోపల నీళ్లు విడిపోయి గ్యాసై పోతయి, వచ్చే హైడ్రోజన్ గ్యాసుకు చిన్న నిప్పురవ్వ చాలు. చార్జింగు పెట్టినప్పుడు తలుపులు తీసే ఉంచాలె.

నీళ్లు తక్కువైతె డిస్టిల్డ్ వాటరే. బోరునీళ్లు పొయ్యద్దని నేను వేరే చెప్పనక్కరలేదు, మన జిల్లాల నీళ్లల్ల ఫ్లోరైడు సంగతి దేశమంతా తెలుసు, ఉప్పులు గూడ తక్కువేం లేవు. కానీ ఒకరు ఇంట్ల ఆర్వో నీళ్లు పోసిన్రు. ఆర్వోల గూడ కొంత ఉప్పు మిగులుతది, తాగడానికి మంచిదే గానీ బ్యాటరీకి కాదు. లిథియం బ్యాటరీ ఉన్నోళ్లకు ఇవేవీ వద్దు, సగం నుంచి 60 శాతం మధ్యల ఉంచి తీగ విప్పి చల్లటి జాగల పెడితె చాలు, నిండుగ పెట్టి ఎండల వదలద్దు.

టైర్ల కాడికి వస్తె, ఇయ్యాల మూడే ముక్కలు. నల్లరేగడి మీద బండి నిలబెట్టకుండ్రి, వాన పడితె దిగుతది, ఎండకాలం నెర్రెలిస్తది, నాలుగు టైర్ల కింద మందం పలకలు వెయ్యండి. హ్యాండ్‌బ్రేకు గుంజి నెలలు వదిలితె డ్రమ్ముకు పట్టేస్తది, గేరుల పెట్టి టైర్లకు ముందూ వెనుక చెక్క దిమ్మెలు పెట్టుండ్రి. టైరు పక్కన నాలుగంకెలు చూసి రాసుకోండి, 3221 అంటె 2021ల 32వ వారంల తయారైంది. వరి కోతలైనంక ఎలుకలు బండ్లల్లకు జొర్రుడు, కందిరీగలు సైలెన్సర్ గొట్టంల మట్టిగూడు కట్టుడు, నీళ్ల ట్యాంకు, అవన్ని 5వ పాఠంల.

ఈసారి పని కొంచెం కష్టమే, కానీ చెయ్యండి. మొదటి 7 రోజులు మైనస్ తగిలించే ఉంచి, పొద్దుగాల 6 గంటలకు రెండు బ్యాటరీలకూ మీటరు పెట్టి నోటుబుక్కుల రాయండి, పక్కన ఆ రోజు ఎండ ఎంతో గూడ రాయండి. ఏడో రోజు పొద్దుమూకి చార్జింగు పెట్టి నింపుండ్రి, ఒక రాత్రి ఆగుండ్రి. తర్వాత 7 రోజులు మైనస్ విప్పి అట్లనే రాయండి. ఏ వారంల వోల్టేజీ ఎంత దిగిందో చూస్తె, ఆ రెండింటి తేడానే మీ బండి దొంగచాటుగ తాగుతున్న కరెంటు. తేడా 0.1 వోల్టు దాటితె ఏది తాగుతందో ఫ్యూజులు ఒక్కొక్కటి పీకి చూడాలె. ఆ పని చేసేటప్పుడు మీటరు యాంపుల మీద పెట్టి, బ్యాటరీ మైనస్‌కు, విప్పిన మైనస్ తీగకు మధ్యల ఉంటది, అప్పుడు తాళంచెవి మాత్రం తిప్పకుండ్రి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతది. తలుపులు వేసినంక అరగంట ఆగి అంకె చూడుండ్రి, అప్పటిదాక బండిలోని డబ్బాలు పూర్తిగ నిద్రపోవు. 50 మిల్లీ యాంపులు దాటిన బండ్ల నోటుబుక్కు ఫొటో, ఏ ఫ్యూజు పీకితె తగ్గిందో రాసి పంపుండ్రి, వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడతా.