టర్బో కారు లాగకపోతే: బానెట్ ఎత్తే ముందు జాగ్రత్తలు

యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగదు, ఆగి ఉన్నప్పుడేమో గడగడా వణుకుతుంది. ఈ రెండూ కలిసి వస్తే చాలామంది మొదట అనే మాట "టర్బో పోయింది" అని. దయచేసి ఆ మాట మీద టర్బో విప్పించకండి. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో పెద్దగా బూస్ట్ (ఆ గాలి ఒత్తిడి) ఇవ్వదు. అప్పుడు కూడా ఇంజిన్ వణుకుతోందంటే ముందు చూడాల్సింది గాలి గొట్టాలు, ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్, ఇంధనం.

చెక్ ఇంజిన్ లైట్ వరుసగా వెలిగి ఆరుతుంటే ఇక నడపొద్దు. మిస్‌ఫైర్ (సిలిండర్లో ఇంధనం సరిగా మండకపోవడం) గట్టిగా ఉందని దాని అర్థం. సిలిండర్లో కాలని పెట్రోల్ వెళ్లి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో మండి, దాన్ని లోపలే కరిగించేస్తుంది. ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైట్ వస్తే వెంటనే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది, దానికి ఆధారం పలుచని ఆయిల్ పొర ఒక్కటే.

డీజిల్ కారైతే ఇంకో ప్రమాదం ఉంది. టర్బో సీల్ పోయి ఇంజిన్ ఆయిల్ గాలి గొట్టంలోకి వస్తే, ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి తనంతట తానే ఆర్‌పీఎం పెంచుకుంటూ పోతుంది. తాళం తిప్పినా ఆగదు. మాన్యువల్ గేర్ బండి అయితే బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి, టాప్ గేర్ వేసి క్లచ్ వదిలి ఆపాలి. అది కుదరకపోతే దూరంగా జరగండి. గాలి గొట్టానికి చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు.

బానెట్ ఎత్తేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. టర్బో, ఎగ్జాస్ట్ వైపు ఇనుము చాలాసేపు కాలుతూనే ఉంటుంది. తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు, కాబట్టి చున్నీ, వదులు చొక్కా చేతులు, గాజులు జాగ్రత్త. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి కూలబడేదాకా తెలియదు.

బ్యాటరీ వైరు తీసి పెడితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. వద్దు. కారు కంప్యూటర్ దాచిన లోపాల కోడ్‌లు చెరిగిపోతే ఆధారమే పోతుంది. ముందు స్కానర్ పెట్టి కోడ్‌లు రాసుకోండి. పీ0299 అంటే బూస్ట్ తక్కువ, పీ0171 అంటే పెట్రోల్‌కు మించి గాలి, పీ0300 అంటే మిస్‌ఫైర్. కోడ్ చెప్పేది లక్షణమే. పీ0299 వచ్చిందని టర్బో మార్చేయడం తొందరపాటు.

మా కారుకు ఈ రెండు లక్షణాలూ వచ్చినప్పుడు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) నుంచి థ్రాటిల్‌కు (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటం) వెళ్లే రబ్బరు గొట్టం పైనుంచి కొత్తదానిలా ఉంది. అడుగున వేలు పెట్టి రాస్తే జిడ్డు తగిలింది, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని సన్నని గీతలా ఉంది. గొట్టం వంచగానే ఆ గీత నోరు తెరిచింది. గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న పెట్రోల్ కార్లలో ఈ ఒక్క చీలికే రెండు బాధలకూ కారణం అవుతుంది. ఐడిల్‌లో సెన్సర్ కొలవని గాలి అందులోంచి లోపలికి వస్తుంది, బండి వణుకుతుంది. బూస్ట్‌లో సెన్సర్ కొలిచిన గాలి బయటికి పోతుంది, పికప్ పోతుంది. అందుకే గొట్టాలను చూసి వదిలేయకుండా, చల్లగా ఉన్నప్పుడు తడిమి, వంచి చూడండి. గొట్టాలను బిగించే క్లాంపులు కూడా తిప్పి చూడండి.

లీక్ కోసం నడుస్తున్న ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. వేడి టర్బో పక్కన అది నిప్పుతో చెలగాటమే. గొట్టాల్లోకి పొగ పంపే పరీక్ష చేయించండి, చీలిక ఎక్కడుందో పొగే చూపిస్తుంది.

ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకొద్దు, వేల వోల్టుల షాక్ కొడుతుంది. ఇంజిన్ ఆపి, అనుమానమున్న కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. సిలిండర్ నంబరు చూపే మిస్‌ఫైర్ కోడ్ కూడా అటే మారితే దోషం కాయిల్‌దే. వేడి అల్యూమినియం హెడ్ నుంచి ప్లగ్గులు విప్పితే మరలు చెడిపోతాయి. డీజిల్ కామన్ రైల్ (ఇంధనాన్ని అధిక ప్రెషర్‌తో పంపే) పైపుల జోలికి అసలు వెళ్లొద్దు. అందులో ప్రెషర్ 1,600 బార్ దాటొచ్చు, సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి దూసుకుపోతుంది. గాయం సూది మొనంతే కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

టర్బోను చివరికి చూడండి, అదీ ఇంజిన్ ఆపి, చల్లారాక. షాఫ్ట్ పక్కలకు కొంచెం కదిలితే భయపడక్కర్లేదు. ముందుకూ వెనక్కూ ఊగినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా అప్పుడు అనుమానించాలి. గాలి పైపు విప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకండి, చిన్న నట్టు లాక్కున్నా రెక్కలు పోతాయి.

బిగించేటప్పుడు విప్పిన బోల్టులు, వాడిన గుడ్డలు లెక్కపెట్టుకోండి. తర్వాత రోడ్డు మీద ఒకరు నడుపుతుంటే, స్కానర్ చదివే పని పక్క సీట్లో ఉన్నవాళ్లకు అప్పగించండి.