స్విచ్ కన్సోల్‌లో టచ్ పోయిందా? ఏ రకం టచ్ ఉందో తేల్చుకుని మార్చడం ఎలా?

నల్లగొండ ప్రకాశం బజార్‌లోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా ఫోన్ రిపేరు షాపులో నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్ పెట్టి "టచ్ పనిచేస్తలేదు" అంటే "కాంబో మార్చాలి" అనే జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. తప్పు మెకానిక్‌ది కాదు. ఈ రోజుల్లో ఫోన్లలో టచ్, డిస్‌ప్లే ఒకదానికొకటి అతుక్కునే వస్తాయి, అతని చెయ్యి దానికే అలవాటు పడింది. స్విచ్‌లో మాత్రం మోడల్‌ను బట్టి కథ మారుతుంది. ఒకదాంట్లో టచ్ ఒక్కటే మార్చుకోవచ్చు, ఇంకోదాంట్లో డిస్‌ప్లే మొత్తం మార్చక తప్పదు. అందుకే ఆర్డర్ పెట్టే ముందు మీ చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోవాలి.

మొదట మోడల్ నంబర్ చూడండి

కన్సోల్ వెనకవైపు సన్నటి అక్షరాల్లో మోడల్ నంబర్ ఉంటుంది. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది, లేదంటే ఫోన్ కెమెరాతో జూమ్ చేయండి.

హెచ్‌ఏసీ-001 అంటే 2017 మార్చిలో వచ్చిన మొదటి స్విచ్. 6.2 అంగుళాల ఎల్‌సీడీ, 1280×720. చివర (-01) అని ఉంటే 2019లో బ్యాటరీ ఎక్కువసేపు వచ్చేలా మార్చిన రకం. కింద ఛార్జింగ్ పోర్టు పక్కన ఉండే సీరియల్ నంబర్ పాతదానికి ఎక్స్‌ఏ అనీ, దీనికి ఎక్స్‌కే అనీ మొదలవుతుంది. రెంటిలోనూ టచ్ వేరు, ఎల్‌సీడీ వేరు. మధ్యలో సన్నటి గాలి ఖాళీ ఉంటుంది. పై పొర గాజు కాదు, ప్లాస్టిక్. అందుకే జేబులో తాళాలతో పాటు పెడితే గీతలు పడతాయి గానీ, కింద పడితే ఫోన్ అద్దంలా ముక్కలు కావడం తక్కువ.

హెచ్‌డీహెచ్-001 అంటే స్విచ్ లైట్, 5.5 అంగుళాలది. ఇందులోనూ టచ్ విడి భాగంగానే దొరుకుతుంది. కానీ సైజు వేరు, మొదటి స్విచ్ టచ్ దీనికి పట్టదు.

హెచ్‌ఈజీ-001 అంటే 2021 అక్టోబరులో వచ్చిన ఓలెడ్ మోడల్, 7 అంగుళాలది. ఇందులో ముందు గాజు, టచ్, ఓలెడ్ ప్యానెల్ అన్నీ ఒకే ముద్దగా అతికించి ఉంటాయి. విడదీయాలని చూస్తే ఓలెడ్ పోతుంది. గాజు మీద ఫ్యాక్టరీలోనే ఒక పలుచటి ఫిల్మ్ వేసి ఉంటుంది, పగిలితే పెంకులు చెదరకుండా ఆపడానికి. కొత్త ఫోన్ మీది కవర్ అనుకుని దాన్ని గోరుతో లేపి పీకేసేవాళ్లు ఉన్నారు. పీకొద్దని కంపెనీయే చెప్పింది. స్క్రీన్ గార్డు వేయాలంటే దాని మీదే వేయాలి.

ఈ మూడింటిలోనూ టచ్ కెపాసిటివ్ రకమే, ఒకేసారి పది వేళ్ల దాకా గుర్తిస్తుంది. అయితే ఒకే మోడల్‌లో కూడా టచ్ ప్యానెల్ తయారుచేసిన కంపెనీ ఒకటే కాదు. మొదటి స్విచ్‌లో నిషా కంపెనీ ప్యానెల్ ఉన్నవీ ఉన్నాయి, జీఐఎస్ కంపెనీ ప్యానెల్ ఉన్నవీ ఉన్నాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొనేటప్పుడు దీని గురించి తల బద్దలు కొట్టుకోనక్కరలేదు, మోడల్ నంబర్ కలిస్తే చాలు. మార్చిన తర్వాత టచ్ ఒక మూల బాగా, ఇంకో మూల మొండిగా పనిచేస్తే మాత్రం అనుమానించాల్సింది కాపీ భాగం నాణ్యతనూ, స్ట్రిప్ (టచ్‌ను బోర్డుకు కలిపే పలుచటి పట్టీ వైరు) సరిగా కూర్చోకపోవడాన్నీ.

టచ్ నిజంగా పోయిందా?

విప్పే ముందు ఈ వరుసలో చూడండి. చాలా కేసులు ఇక్కడే తెగిపోతాయి.

ముందు హోమ్ మెనూలో తాకి చూడండి. టచ్‌ను అసలే వాడుకోని ఆటలు బోలెడు, అలాంటి ఆటలో తాకి "పోయింది" అనుకోవద్దు. డాక్‌లో పెట్టి టీవీలో ఆడుతున్నప్పుడు కన్సోల్ స్క్రీన్ ఆరిపోతుంది కాబట్టి టచ్ కూడా ఉండదు.

తర్వాత ఛార్జర్ పీకి బ్యాటరీ మీద చూడండి. టచ్ తనంతట తానే గెంతడం, ఎవరూ తాకకుండానే బటన్లు నొక్కుకుపోవడం ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే కనిపిస్తే తప్పు టచ్‌ది కాదు. కెపాసిటివ్ టచ్ మన వేలు వల్ల మారే అతి చిన్న విద్యుత్ తేడాను కొలుస్తుంది. చవక ఛార్జర్ నుంచి వచ్చే కరెంటు గోల ఆ కొలతలో కలిసిపోతుంది. పాత ఇళ్లలో చాలాచోట్ల సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక ఎర్తింగ్ వైరు ఉండదు, అక్కడ ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. మంచి ఛార్జర్‌తో, వేరే సాకెట్‌లో చూడండి.

స్క్రీన్ గార్డు తీసి చూడండి. దాని అంచు కింద చెమటో, దుమ్మో చేరితే ఆ అంచున టచ్ మొద్దుబారుతుంది. ఆ తర్వాత సిస్టమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ లోపల టచ్ స్క్రీన్ సెన్సిటివిటీ అనే చోటికి పోయి స్టాండర్డ్, స్టైలస్ రెంటిలో ఏది ఉందో చూడండి. వేలితో ఆడేవాళ్లకు స్టాండర్డే ఉండాలి. చివరగా పవర్ బటన్ 12 సెకన్లకు పైగా నొక్కి పట్టుకుని బలవంతంగా ఆపి, మళ్లీ ఆన్ చేయండి.

ఇప్పటికీ అదే వరుస అయితే ఏ భాగం చచ్చిందో పట్టుకోవాలి. ఆల్బమ్‌లో ఏదైనా ఫోటో తెరిచి, దాని మీద టెక్స్ట్ పెట్టే చోటుకు పోయి, ఆ అక్షరాలను వేలితో స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా లాగండి. ఒకే గీత వెంట ప్రతిసారీ ఆగిపోతే ప్యానెల్ లోపలి గీత తెగినట్టు, భాగం మార్చాల్సిందే. స్క్రీన్ మొత్తం టచ్ లేకుండా బొమ్మ మాత్రం చక్కగా వస్తుంటే స్ట్రిప్ ఊడి ఉండొచ్చు, అది తిరిగి గుచ్చితే సరిపోవచ్చు. బొమ్మ లేదు, నల్లగా ఉంది, కానీ తాకితే శబ్దం వస్తుంది అంటే టచ్ బాగుంది, పోయింది ఎల్‌సీడీ లేదా దాని వెనక లైటు.

ఒక మాట. స్విచ్‌లో దాదాపు ప్రతి పనీ బటన్లతో అవుతుంది. మూలన చిటికెన వేలంత చోటు పనిచేయకపోతే దానికోసం కన్సోల్ విప్పడం దండగ.

మొదటి స్విచ్‌లో టచ్ మార్చడం

భాగం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చూసి కొనాలంటే హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్, సికింద్రాబాద్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్). మోడల్ నంబర్ చెప్పి, "టచ్ మాత్రమే, అంచు గమ్ముతో సహా" అని అడగండి. గమ్ము టేపు ముందే కత్తిరించినది రాకపోతే 2 మిల్లీమీటర్ల వెడల్పున్న డబుల్ సైడ్ టేపు విడిగా కొనండి.

కావలసినవి: మూడు రెక్కల వై-00 స్క్రూడ్రైవర్, సన్నటి ప్లస్ 000 డ్రైవర్, ప్లాస్టిక్ పిక్‌లు, పట్కారు, హెయిర్ డ్రయర్ లేదా బ్లోయర్, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిక్కటి థర్మల్ పేస్టు.

పవర్ బటన్ మూడు సెకన్లు నొక్కి, పవర్ ఆప్షన్స్‌లో టర్న్ ఆఫ్ ఎంచుకోండి. స్లీప్‌లో ఉంచి విప్పొద్దు. జాయ్‌కాన్లు (రెండు పక్కల కంట్రోలర్లు), మెమరీ కార్డు, గేమ్ కార్డు తీసేయండి.

బయట పది స్క్రూలు ఉంటాయి. వెనక నాలుగు మూలల్లో నాలుగు మూడు రెక్కలవి, పొడవాటివి. పై అంచు మధ్యలో ఒకటి, కింది అంచున రెండు, రెండు పక్కల పట్టాల మధ్యలో ఒక్కోటి, స్టాండు కింద మెమరీ కార్డు గుంటలో చిన్నది ఒకటి. ఈ ఆరూ ప్లస్‌వి. కాగితం మీద కన్సోల్ బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి. పొడవు తేడాలు ఒకట్రెండు మిల్లీమీటర్లే, కానీ పొడవాటిది పొట్టిదాని చోట బిగిస్తే లోపలి భాగానికి గుచ్చుకుంటుంది.

వెనక మూత తీశాక వెండి రంగు రేకు కనిపిస్తుంది. మెమరీ కార్డు బోర్డు తీసి, రేకు చుట్టూ ఉన్న ఆరు స్క్రూలు విప్పి లేపండి. రేకుకూ, కింద వేడి మోసే గొట్టానికీ మధ్య చిక్కటి పేస్టు ఉంటుంది కాబట్టి కొద్దిగా పట్టుకుంటుంది. మళ్లీ బిగించేటప్పుడు ఆ పేస్టు కొత్తది పెట్టాలి. కంప్యూటర్‌కు వాడే పలుచటి పేస్టు ఆ సందును నింపదు. అది పెట్టి ఊరుకుంటే మన ఏప్రిల్, మే ఎండల్లో ఫ్యాన్ రొద పెడుతుంది, ఆట మధ్యలో కన్సోల్ ఆగిపోతుంది.

రేకు తీసిన వెంటనే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ప్లాస్టిక్ పుల్లతో పైకి లేపడం. ఇది చేయకుండా ఏ స్ట్రిప్పునూ ముట్టుకోవద్దు. కరెంటు ఉండగా ఎల్‌సీడీ స్ట్రిప్ కదిలితే బ్యాక్‌లైట్ సర్క్యూట్ కాలే ప్రమాదం ఉంది, అప్పుడు టచ్ పోయిన కన్సోల్‌కు బొమ్మ కూడా పోతుంది.

టచ్‌ది ఒక స్ట్రిప్, ఎల్‌సీడీది ఇంకొకటి. ఫోటో తీసుకోండి. అడ్డొచ్చే చిన్న బోర్డులుంటే స్క్రూలు విప్పి పక్కకు జరపండి. కనెక్టర్ మీది తాళం రెప్పను పైకి లేపాకే స్ట్రిప్పును లాగాలి. రెప్ప విరిగితే బోర్డు మీద కనెక్టర్ మార్చాలి, అది మైక్రోస్కోప్ పని.

ఇక ముందువైపు. అంచుల మీద హెయిర్ డ్రయర్ ఒకటి రెండు నిమిషాలు, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ పెట్టండి. వేలితో తాకితే చురుక్కుమనాలి, కాలకూడదు. ఒక మూలన పిక్ దూర్చి అంచు వెంట మెల్లగా జరపండి. పిక్ గమ్ము వెడల్పు దాటి లోపలికి పోకూడదు, కిందే ఎల్‌సీడీ ఉంది. గట్టిగా ఉన్నచోట బలం పెట్టకుండా మళ్లీ వేడి చేయండి. స్ట్రిప్ బయటికి వచ్చే వైపు చివరకు ఉంచండి.

పాత గమ్మును ఆల్కహాల్‌తో తుడిచాక అసలు కష్టం దుమ్ము. గాలి ఖాళీ ఉందన్నాం కదా, అందులో పడ్డ ఒక్క నలుసు స్క్రీన్ వెలిగినప్పుడల్లా కంట్లో పడుతుంది. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, నేల తడిబట్టతో తుడిచిన గదిలో ఈ పని పెట్టుకోండి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి, నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి.

కొత్త టచ్ వెనక రక్షణ ఫిల్మ్ తీయకముందే, గమ్ము వేయకముందే స్ట్రిప్‌లు, బ్యాటరీ తగిలించి ఆన్ చేసి మూల మూలకూ తాకి చూడండి. అతికించాక బాగాలేదని తెలిస్తే షాపువాడు వాపసు తీసుకోడు. బాగుంటే మళ్లీ ఆఫ్ చేసి, బ్యాటరీ పీకి, ఫిల్మ్ తీసి అతికించండి. మెత్తటి బట్ట పరిచి, పైన రెండు మూడు పుస్తకాల బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి.

స్విచ్ లైట్‌లో క్రమం ఇలాంటిదే, లోపలి అమరికే వేరు. పక్క కంట్రోల్స్ విడిపోవు కాబట్టి విప్పాల్సినవి ఎక్కువ. ఓలెడ్ మోడల్‌లో గాజు పగిలితే మొత్తం అసెంబ్లీ కొనాలి, "గాజు ఒక్కటే వేస్తాం" అన్నవాళ్లకు పైలంగా జవాబు చెప్పండి.

పాత డీఎస్, 3డీఎస్ ఉన్నవాళ్లకు

నింటెండోవే అయిన ఈ పాత చేతి కన్సోళ్లలో టచ్ రెసిస్టివ్ రకం, తీరే వేరు. రెండు పలుచటి పొరలు, మధ్యలో సందు, నొక్కితే పొరలు తగులుతాయి. గోటితో నొక్కినా పనిచేస్తుంది, స్విచ్ గోటికి పలకదు. రకం తేల్చడానికి ఈ పరీక్షే చాలు. ఫోన్ల టెంపర్డ్ గాజు వీటికి వేస్తే టచ్ చచ్చిపోయినట్టే, మెత్తటి ఫిల్మ్ మాత్రమే వాడాలి.

డీఎస్ లైట్ టచ్ స్ట్రిప్‌కు నాలుగే కాంటాక్టులు. మల్టీమీటర్‌తో ఒకే పొరకు చెందిన రెంటి మధ్య కొన్ని వందల ఓమ్‌లు రావాలి. ఒక పొర నుంచి ఇంకో పొరకు, నొక్కనప్పుడు ఏమీ రాకూడదు. నొక్కకుండానే వస్తే పొరలు అంటుకుపోయాయి. ఒక చోట తాకితే పక్కన పడుతుంటే మాత్రం భాగం మార్చే ముందు సెట్టింగ్స్‌లో టచ్ కాలిబ్రేషన్ చేసి చూడండి.

ఏ రకమైనా బోరు నీళ్ల గుడ్డతో తుడవొద్దు. మన నీళ్లలోని సున్నం ఆరాక తెల్లటి మరకలవుతుంది, రుద్దితే గీతలవుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసి తుడిస్తే సరి.