పాత అంబాసిడర్ మిస్సవుతోందా? ముందు ట్యాపెట్ గ్యాప్ చూడండి

చల్లగా ఉన్నప్పుడు బానే స్టార్టవుతుంది. వేడెక్కాక ఐడిలింగ్‌లో మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్ సరిగా మండకపోవడం), ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ సున్నా. వెంటనే కార్బురేటర్ విప్పుతారు, ఇగ్నిషన్ పాయింట్లు మారుస్తారు, కొత్త ప్లగ్గులు కొంటారు. ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకూ, దాన్ని నొక్కే రాకర్ చేతికీ మధ్య ఉండే సన్నని ఖాళీ) కొలిచే ఫీలర్ గేజ్ రేకును మాత్రం ఎవరూ బయటికి తీయరు! ఇదంతా 1489 సీసీ పెట్రోలు ఇంజన్ సంగతి. ఇసుజు ఇంజన్ బండ్ల లెక్క వేరు.

ముందు సైలెన్సర్ చివర చిన్న కాగితం పట్టుకోండి. మధ్యమధ్య లోపలికి లాగుతోందంటే పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ మీద అనుమానం. తర్వాత గేజ్‌తో ఒక్కో సిలిండర్ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూడండి. తక్కువున్న సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోయాయా, హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే పలక) పోయినట్టే.

ఇక అసలు దొంగ. ట్యాపెట్ల చప్పుడు దానంతటదే తగ్గితే ఇంజన్ సెట్టయిందని సంబరపడతారు. టెన్షన్ పడాల్సింది అప్పుడే. రాకర్లు అరిగితే గ్యాప్ పెరగాలి. తగ్గుతోందంటే వాల్వ్ తన సీటులోకి (మూసుకున్నప్పుడు అది ఆనే అంచులోకి) దిగిపోతోందన్నమాట. ఈ ఇంజన్‌కు సీట్లు పోత ఇనుప హెడ్‌లోనే కోసి ఉంటాయి, విడి రింగులుండవు. పెట్రోలులోని సీసం వాటి మీద పూతలా పేరుకుని కాపాడేది. 2000లో దేశమంతటా సీసం పెట్రోలు ఆగింది, ఆ రక్షణా పోయింది. గ్యాప్ పూర్తిగా పోయాక వాల్వ్ సరిగా మూసుకోదు, దాని వేడి సీటుకు దిగదు, అంచు కాలిపోతుంది. 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉండి ఒకే పోర్టులోకి తెరుచుకుంటాయి, వేడి అక్కడే ఎక్కువ. మొదట వాటినే చూడండి.

చల్లారిన ఇంజన్ మీద గ్యాప్ 0.015 అంగుళం. వాల్వులను వరసగా 1 నుంచి 8 దాకా లెక్కపెట్టి, 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 7వది తెరుచుకున్నప్పుడు 2వది, అలా రెండు నంబర్లూ కలిపి 9 వచ్చేలా సెట్ చేయండి. కొన్నాళ్లకే గ్యాప్ మళ్లీ తగ్గిపోతే హెడ్ దించక తప్పదు.

గ్రైండింగ్ పేస్టు రుద్ది సరిపెడతాననే మెకానిక్‌కి వద్దని చెప్పండి. దిగిపోయిన సీటు దాంతో పైకి రాదు. లేత్ షాపులో గట్టి ఉక్కు సీటు రింగులు వేయించి, కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు పెట్టించాలి. గైడ్లు (వాల్వ్ కాడ కదిలే గొట్టాలు) ముందు మార్చాలి, సీటు ఆ తర్వాతే కోయాలి. కట్టర్ నిలబడేది గైడ్ ఆధారంగానే. చివర్లో వాల్వులు బిగించి పోర్టులో పెట్రోలు పోయండి, చెమ్మ కూడా రాకూడదు.

స్ప్రింగ్ విరగడం, పుష్ రాడ్ (రాకర్‌ను తోసే కడ్డీ) వంగడం అరుదు. రాకర్ కవర్ తీస్తే కంటికే కనిపిస్తాయి.

కొన్ని రోజులు తిరిగాక హెడ్ నట్లు మళ్లీ బిగించాలి. బిగిస్తే గ్యాప్ తగ్గుతుంది, కాబట్టి ట్యాపెట్లు ఇంకోసారి.